చదివినవి 31, మిగిలినవి 139: ఒక ఏడాది కితాబుల హిసాబ్



పోయిన జనవరిలో ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీశాను. కితాబు పేరు, ఇంటికి వచ్చిన తారీఖు, మొదలుపెట్టిన రోజు, ఖతం అయిన రోజు. డిసెంబర్ 31 రాత్రి కూర్చుని కూడితే హిసాబ్ ఇలా తేలింది. ఏడాది మొదట్లో ఇంట్లో చదవకుండా ఉన్నవి 112. ఏడాదిలో కొత్తగా వచ్చినవి 58. చదివినవి 31. అంటే ఇప్పుడు మిగిలినవి 139. చదివేకొద్దీ తగ్గాల్సిన కుప్ప 27 పెరిగింది.

చదివిన 31లో తెలుగు 19, ఇంగ్లిష్ 9, ఉర్దూ 3. తెలుగులో నాకు ఎక్కువ లాభం ఇచ్చింది సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఇంగ్లిష్‌లో హరూన్ ఖాన్ షేర్వానీ సాబ్ రాసిన కుతుబ్‌షాహీల చరిత్ర. ఉర్దూ మూడింటి సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది.

కొనుక్కొచ్చి చదవకుండా పెట్టేసే అలవాటు గురించి అందరూ నవ్వుకుంటారు. మా ఇంట్లో బేగం కూడా నవ్వుతుంది. కానీ నా జాబితాలో పెరిగిన కుప్ప నేను కొన్నది కాదు. వచ్చిన 58లో 34 ఒకే సందూఖ్‌లో వచ్చాయి. మా మామూ పాత ఇల్లు అమ్మేటప్పుడు అటక మీద దొరికింది. లోపల మా నానా కితాబులు, అన్నీ ఉర్దూవే. కిలోల లెక్కన రద్దీవాడికి వేసేద్దామని ఇంట్లో మాట కూడా అయిపోయింది. చదివేవాళ్లు లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు. నేను ఆటో మాట్లాడి తెచ్చుకున్నాను. ఇప్పుడు 139లో 47 ఉర్దూ. వాటి గురించే ఈ వ్యాసం.

పాదుషా గారి కలం గుర్తు

చదువుకు లెక్క రాయడం మన జమానా ఫ్యాషన్ కాదు. అబుల్ ఫజల్ ‘ఆయిన్-ఎ-అక్బరీ’లో అక్బర్ కుతుబ్‌ఖానా గురించి రాసిన భాగం ఉంది. జహంగీర్ తన తుజుక్‌లో అబ్బాను ఉమ్మీ అన్నాడు, అంటే చదవడం రాయడం రానివాడు. మరి ఆ ఉమ్మీ పాదుషా ఎలా చదివాడు? విని చదివాడు. రోజూ ఎవరో ఒకరు హుజూర్‌లో కూర్చుని కితాబు వినిపించేవారు. మొదటి వరఖ్ నుంచి చివరి వరఖ్ దాకా, మధ్యలో వదలకుండా. ఆ రోజు ఏ పన్నా దగ్గర ఆగారో అక్కడ అక్బర్ తన కలంతో ఒక గుర్తు పెట్టేవాడట. ఎన్ని వరఖులు వినిపిస్తే అంత ఇనాం. వెండి, బంగారం. ‘గులిస్తాన్’, ‘బోస్తాన్’, ‘షాహ్‌నామా’, మౌలానా రూమీ ‘మస్నవీ’, అన్నీ ఇలాగే ఆ దర్బార్‌లో వినిపించారు. విన్నదాన్నే మళ్లీ వినడానికి ఆయన విసుక్కునేవాడు కాదని కూడా అబుల్ ఫజల్ రాశాడు.

1605లో అక్బర్ ఇంతెఖాల్ అయ్యేనాటికి ఆ కుతుబ్‌ఖానాలో 24,000 జిల్దులు ఉన్నట్టు యూరప్ వాళ్లు రాసుకున్న లెక్కల్లో కనిపిస్తుంది. వారానికి ఒకటి చొప్పున విన్నా 460 ఏళ్లు కావాలి. పాదుషాకే తీరని కుప్ప!

అయితే మొఘల్ కుతుబ్‌ఖానాల్లో ఇంకో రస్మ్ ఉండేది, అది నాకు మరీ నచ్చింది. అర్జ్-దీదా అనేవారు. కుతుబ్‌ఖానా చూసుకునే దారోగా మారినప్పుడల్లా, తనిఖీ జరిగినప్పుడల్లా కితాబు మొదటి వరఖ్ మీదో చివరి వరఖ్ మీదో తారీఖు వేసి, చూశామని రాసి, ముహర్ కొట్టేవారు. ఇవాళ ఏదైనా పాత మఖ్తూతా తెరిస్తే ఈ ముహర్లు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఆ కితాబును ఎవరైనా చదివారో లేదో వాటి వల్ల తెలియదు. కానీ ఎవరి చేతిలో నుంచి ఎవరి చేతిలోకి వెళ్లిందో తెలుస్తుంది. చదవకపోయినా ఉన్నదని తెలిసి ఉండటం, కాపలా కాయడం. అదీ ఒక ఖిద్మతే.

పేర్లు మాత్రమే మిగిలిన కితాబులు

ఈ ఖిద్మత్ చేయకపోతే ఏమవుతుందో తెలియాలంటే బగ్దాద్ వెళ్లాలి. అక్కడ ఇబ్న్ నదీమ్ అనే వర్రాఖ్ ఉండేవాడు. వర్రాఖ్ అంటే కితాబులు నకలు రాయించి అమ్మేవాడు. ఆయన హిజ్రీ 377లో, అంటే 987 ప్రాంతంలో, ‘అల్-ఫిహ్రిస్త్’ రాశాడు. తన కాలానికి అరబీలో దొరికే కితాబులు, వాటిని రాసినవాళ్ల జాబితా, పది మఖాలాలుగా. ఇవాళ ఆ జాబితా మన దగ్గర ఉంది. జాబితాలోని కితాబుల్లో ఎక్కువ భాగం లేవు. పేరు ఒక్కటే బతికింది.

ఆరున్నర శతాబ్దాల తర్వాత ఇస్తాంబుల్‌లో కాతిబ్ చలబీ (1609–1657) ఇదే పని ఇంకా పెద్దగా చేశాడు. ఆయన్ని హాజీ ఖలీఫా అని కూడా అంటారు. తనకు వచ్చిన వారసత్ సొమ్ము కితాబులకే ఖర్చుపెట్టిన మనిషి. ఆయన ‘కష్ఫుజ్జునూన్’లో దాదాపు 15,000 కితాబుల పేర్లు హర్ఫుల వరుసలో ఉన్నాయి. అవన్నీ చదివి ఉంటాడా? ఒక జిందగీలో కుదిరే పని కాదు. కానీ ఆయన రాసిపెట్టినందుకే తర్వాతివాళ్లు ఏది వెతకాలో తెలుసుకున్నారు.

హైదరాబాద్‌లో ఎదురుచూసిన కితాబు

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. ‘బాబర్‌నామా’ అసలు రాసింది ఫార్సీలో కాదు, చగతాయ్ తుర్కీలో. అది బాబర్ మాదరీ జబాన్. మనవడు అక్బర్ కాలానికే దర్బార్ ఫార్సీది అయిపోయింది. అందుకే అబ్దుర్రహీం ఖాన్-ఎ-ఖానాన్ దాన్ని ఫార్సీలోకి మార్చాడు. అందరూ ఫార్సీదే చదువుకున్నారు. తుర్కీ ప్రతులు చదివేవాళ్లు తగ్గిపోయారు.

అలాంటి ఒక తుర్కీ ప్రతి మన హైదరాబాద్‌లో, సాలార్‌జంగ్ కుతుబ్‌ఖానాలో ఉండిపోయింది. అనెట్ బెవరిడ్జ్ అనే ఇంగ్లిష్ ఆవిడ తుర్కీ ప్రతుల కోసం దేశదేశాలా వాకబు చేస్తూ దీని దాకా వచ్చింది. ఆవిడ ఫార్సీ, తుర్కీ నేర్చుకున్నది పెద్ద వయసులో. 1905లో ఆ ప్రతిని ఉన్నదున్నట్టు ఫోటోలతో అచ్చు వేయించేనాటికి అరవై దాటింది. దాని ఆధారంగా చేసిన ఇంగ్లిష్ తర్జుమా 1922 నాటికి పూర్తయింది. చరిత్రకారులు ఇవాళ్టికీ ఆ ప్రతిని హైదరాబాద్ కోడెక్స్ అంటారు. మన ఊరి పేరే.

ఇంకొకటి. మన షహర్ కట్టించిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా పోయింది 1612లో. ఆయన దక్కనీ కుల్లియాత్‌ను డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ ‘జోర్’ సాబ్ సరిచూసి అచ్చు వేయించింది 1940లో. మూడు వందల ఏళ్లకు పైగా చేతిరాత ప్రతుల్లోనే ఆగి ఉంది. ఆ దక్కనీ మనం ఇళ్లల్లో మాట్లాడే బోలీకి ముత్తవ్వ. అందులో తెలుగు మాటలు కూడా కలిసి ఉన్నాయి.

ఈ రెండు కితాబులూ చెప్పేది ఒకటే. కితాబు ఎదురుచూడగలదు. వంద ఏళ్లు, మూడు వందల ఏళ్లు. దానికి కావాల్సినవి రెండే. దీమక్ తినకుండా ఎవరో ఒకరు దాచాలి. ఎప్పుడో ఒకప్పుడు ఆ జబాన్ చదవగలిగే మనిషి రావాలి.

మన ఇళ్లల్లో కుప్ప ఎలా పేరుకుంది

బాబర్ కుటుంబంలో తుర్కీకి ఏమైందో మన కుటుంబాల్లో ఉర్దూకి అదే అయింది. కాకపోతే మనకు మాట మిగిలింది, రాత పోయింది.

మా నానా మహబూబ్‌నగర్ జిల్లాలో చదువుకున్నారు. అప్పటి నిజాం రియాసత్‌లో సర్కారీ చదువు, దఫ్తర్, కచేరీ అంతా ఉర్దూలోనే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ డాక్టరీ, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలో చెప్పింది. అందుకు కావాల్సిన కితాబుల కోసం దారుత్తర్జుమా పెట్టారు, దాని మొదటి నాజిమ్ మౌల్వీ అబ్దుల్ హఖ్ సాబ్. తారీఖ్, ఫల్సఫా, సైన్స్, ఖానూన్, ఇలా వందల కితాబులు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. మా సందూఖ్‌లో ఆ ముద్ర ఉన్న తారీఖ్ పాఠ్యపుస్తకం ఒకటి ఉంది, అంచుల్లో నానా పెన్సిల్ రాతలతో.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. షహర్‌లో ఉర్దూ బడులు మిగిలాయి గానీ మా కస్బాలో హైస్కూల్ అంటే తెలుగే. నేను తెలుగులో చదువుకున్నాను, తెలుగులోనే రాస్తున్నాను, దానికి నాకు ఏ గిలా లేదు. కోస్తా, సీమ వైపు మన భాయీల సంగతి ఇంకోలా ఉంటుంది. అటు ఎందరో తరతరాలుగా తెలుగులోనే చదివారు, రాశారు. పిఠాపురం ఉమర్ అలీషా గారి తెలుగు పద్యం చాలు నిదర్శనానికి. గోల్కొండలోనూ తెలుగుకు తలుపు మూసి లేదు. పొన్నిగంటి తెలగన్న తన అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను అంకితం ఇచ్చింది పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కి.

కాబట్టి ఇది తెలుగు వచ్చి ఉర్దూను తినేసిన కథ కాదు. రెండూ చదవగలిగే మనుషులు తగ్గిపోయిన కథ. సురవరం గారికి తెలుగు, సంస్కృతంతో పాటు ఉర్దూ, ఫార్సీ కూడా వచ్చు. ఆయన సాంఘిక చరిత్ర అంత నిండుగా ఉండటానికి అదొక కారణం. మా నానాకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. నాకు ఉర్దూ మాట వచ్చు, అక్షరం కూడబలుక్కోవాలి. నా పిల్లలకు అది కూడా లేదు. ఇంట్లో కూర్చుని ధారాళంగా ఉర్దూ చదవగలిగే మనిషి ఇప్పుడు ఒక్కరే, మా అమ్మీ.

అసలు హిసాబ్

అమ్మీకి 74 ఏళ్లు. రెండు కళ్లకీ మోతియా ఆపరేషన్ అయింది. మగ్రిబ్ తర్వాత అరగంట చదవగలరు, అంతకు మించితే తలనొప్పి. ఆ మూడు ఉర్దూ కితాబులు అలా పూర్తయినవే. ఆవిడ చదివారు, నేను విన్నాను, ఆగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. నానా అంచుల్లో రాసిన మాటలు వచ్చినప్పుడు అమ్మీ ఒక్క క్షణం ఆగి, “అబ్బా కా ఖత్ హై” అని, మళ్లీ ముందుకు వెళ్లేవారు.

ఏడాదికి మూడు. మిగిలినవి 47. భాగిస్తే పదిహేనేళ్లు దాటుతుంది. అప్పటికి అమ్మీకి తొంభై దగ్గర పడతాయి. అల్లాహ్ ఆవిడకి లంబీ ఉమర్ ఇవ్వాలి, ఆమీన్. కానీ ఆ కళ్ల మీద అంత భారం పెట్టడం న్యాయం కాదు. తెలుగు, ఇంగ్లిష్ కుప్పలో ఉన్న 92 గురించి నాకు ఫికర్ లేదు. నేను చదవకపోతే నా కూతురు చదువుతుంది, లేదంటే ఏ లైబ్రరీకైనా ఇవ్వొచ్చు. ఈ 47కి మాత్రం వఖ్తు గడిచేకొద్దీ దారి మూసుకుపోతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. మన పిల్లలు ఉర్దూకి పూర్తిగా అన్‌పఢ్ కాదు. మక్తబ్‌లో నాజిరా చదివిన ప్రతి బిడ్డకీ అరబీ హర్ఫులు 28 వచ్చు. ఉర్దూకి వాటిపైన కొత్తగా నేర్చుకోవాల్సినవి పే, టే, చే, డాల్, డే, ఝే, గాఫ్ అనే ఏడు, ఆపైన నూన్-ఘున్నా, దో-చష్మీ హే, బడీ యే లాంటి కొన్ని రూపాలు. అసలు కష్టం రెండు చోట్ల. ఉర్దూలో జేర్, జబర్, పేష్ గుర్తులు వేయరు. ఖుర్ఆన్ నస్ఖ్‌లో నిలకడగా కనిపించే హర్ఫ్, నస్తాలీఖ్‌లో ఏటవాలుగా జారుతుంది. కానీ మాట ముందే నోట్లో ఉన్నవాడికి గుర్తులు అక్కర్లేదు. ‘కితాబ్’ అని ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటున్న బిడ్డ, జేర్ లేకపోయినా ‘కతాబ్’ అని చదవదు. పరాయివాళ్లకు ఏళ్లు పట్టే చదువు మన పిల్లలకు నెలల పని.

మా ఇంట్లో బందోబస్తు ఇలా చేశాం. ఆ అరగంటలో మొదటి పది నిమిషాలు నా కూతురు దాదీ పక్కన కూర్చుని చదువుతుంది. తప్పులు దాదీ దిద్దుతారు. మిగతా ఇరవై నిమిషాలు దాదీ చదువుతారు, ఆగిన చోట గుర్తు పెట్టడం అమ్మాయి పని. సందూఖ్ కితాబులన్నిటికీ మొదటి పన్నా, చివరి పన్నా ఫోన్‌లో ఫోటో తీశాం. పేరు తెలుగు లిపిలో రాసి, ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఇంట్లో ఎవరు చదవగలరు అనే గడి కూడా పెట్టాం. ఇది మన అర్జ్-దీదా. ముహర్ లేదు, అంతే తేడా.

మీ ఇళ్లల్లోనూ అటక మీద ఇలాంటి సందూఖ్ ఒకటి ఉండే ఉంటుంది. రద్దీకి వేసే ముందు ఒకసారి తెరవండి. చదవగలిగే బుజుర్గ్ ఎవరైనా ఇంట్లో ఉంటే, వారిని పక్కన కూర్చోబెట్టుకుని కితాబుల పేర్లన్నా చెప్పించుకుని రాసుకోండి. ఒక ఆదివారం పని. కితాబు ఎంతకాలమైనా ఎదురుచూస్తుంది గానీ, దాన్ని చదివి వినిపించే మనిషికి అంత వఖ్తు ఉండదు.

ఖుదా హాఫిజ్.