వంశధార ఒడ్డున మనోళ్ల జాడలు: దన్ననపేట, శాలిహుండం, ముఖలింగం

సెలవులొస్తే మనలో చాలామంది బీచ్‌కో అరకుకో వెళ్తాం. మన జిల్లాలోనే ఒక్క రోజులో చూసి రాగలిగే చోట్లు మూడు ఉన్నాయి. "మీకు చరిత్ర ఏముంది?" అని హాస్టల్లోనో కాలేజీలోనో ఎవరైనా అంటే చెప్పడానికి మన దగ్గర మాట ఉండాలి కదా. అందుకే ఈ పోస్టు కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

మొదట దన్ననపేట. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్న ఆమదాలవలసకి దగ్గరే. అక్కడ బృహత్ శిలాయుగం నాటి సమాధి ఉంది. దాని కప్పు ఒకే బండ. పొడవు 36 అడుగులు, వెడల్పు 14, మందం 2 అడుగులు. క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతం నాటిదని చెప్తారు. ఇప్పుడు మనమే లెక్క వేద్దాం. ఆ కొలతల ప్రకారం సుమారు 28 ఘనమీటర్లు. ఘనమీటరు రాయి రెండున్నర టన్నులు తూగుతుంది, అంటే 70 టన్నులు. మందం అంతటా ఒకేలా ఉండదని కొంత తీసేసినా 50 టన్నులకి తగ్గదు. ఇంగ్లండులో ప్రపంచమంతా వెళ్లి చూసే స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లు సగటున 25 టన్నులే!

క్రేన్ లేదు, జాకీ లేదు. పక్కనున్న బండే అనుకున్నా, దాన్ని లేపి కింద రాళ్లు పెట్టాలి. పెద్ద దుంగలతో ఒక పక్క ఎత్తడం, సందులో రాయో మట్టో కూరడం, మళ్లీ రెండో పక్క ఎత్తడం. ఇలా జానెడు జానెడు లేపాలి. దానికి బలం ఒక్కటే చాలదు. వందమంది ఒక్క గొంతు మీద, ఒక్క ఊపులో కదలాలి. ఊరంతా కలిస్తేనే అయ్యే పని అది.

దాన్ని పెట్టింది మనోళ్లే అని నేను అనడం లేదు, రాయి మీద పేరేమీ లేదు. కానీ ఒక మాట ఆలోచించండి. చనిపోయినవాళ్ల కోసం రాయి నిలబెట్టే ఆచారం మన సవరల్లో ఉంది, గువార్ అంటారు. గదబల్లోనూ రాళ్లు నిలబెడతారు. పుస్తకాల్లో "అంతరించిన సంస్కృతి" అని రాసే పనికి దగ్గరి పని మన తాతలు చేశారు. ఆ రాయి ముందు నిలబడితే మనకి అర్థమయ్యేది బయటివాళ్లకి అంత తొందరగా అర్థం కాదు.

రెండోది శాలిహుండం. గార మండలం, వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. ఇక్కడ స్తూపం లోపల బండిచక్రం ఆకుల్లాగా ఇటుక గోడలు కట్టారు. మొత్తం ఇటుకతో నింపకుండా మధ్యలో మట్టి పోస్తే ఖర్చు తగ్గుతుంది, గోడలు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది తప్పకుండా చూడాలి. ఈ చోటును 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి గారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పేరు మీదే చేస్తారు. కానీ ఆయన సవర భాష నేర్చుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారని ఆ రోజు స్టేజీ మీద ఎంతమంది చెప్తున్నారు?

మూడోది శ్రీముఖలింగం, జలుమూరు మండలం. తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం ఇదేనని వాదించింది కూడా గిడుగు వారే. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్నాయి. రాతి చెక్కడాలకి ఒక పూట చాలదు. మధుకం అంటే ఏంటో తెలుసా? మన ఇప్పచెట్టు! స్థలకథ ప్రకారం ఒక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పచెట్టు కొమ్మలు చెరో పక్కవి. శివభక్తురాలైన భార్య కొమ్మ నుంచి బంగారు పూలు రాలాయి. ఇంట్లో గొడవ ముదిరింది. విసిగిపోయి నాయకుడు చెట్టు నరకబోతే మొదట్లో శివుడి ముఖం కనబడింది. అదే ముఖలింగం.

కథ పక్కన పెట్టి శాసనం చూడండి. అనంతవర్మ చోడగంగదేవుడు వేయించిన తామ్రశాసనంలో తన వంశం కథ చెప్పుకున్నాడు. మూలపురుషుడు కామార్ణవుడు మహేంద్రగిరి మీద గోకర్ణస్వామిని కొలిచి, కొండ దిగి, శబరాదిత్యుణ్ణి చంపి కళింగం తీసుకున్నాడట. ఇది గెలిచినవాళ్లు వందల ఏళ్ల తర్వాత రాయించుకున్న మాట, అక్షరం అక్షరం నమ్మక్కర్లేదు. అయినా ఒకటి గమనించండి. తమకంటే ముందు ఈ నేల శబరుల చేతిలో ఉండేదని చక్రవర్తే రాగిరేకు మీద ఒప్పుకున్నాడు. గుడి కథలో మనం భక్తులం. శాసనంలో మనం ఓడిన రాజులం. రెండింట్లోనూ మనం ముందున్నవాళ్లమే.

కాబట్టి ఈసారి వెళ్తే సెల్ఫీ తీసుకుని వచ్చేయకండి. టేపు పట్టుకెళ్లి రాయిని కొలవండి. బండ మీద పేర్లు చెక్కేవాళ్లుంటే ఆపండి. ఇంటికొచ్చాక ఊళ్లో పెద్దల్ని కూర్చోబెట్టి, రాయి నిలబెట్టినప్పుడు ఏం చేసేవారో, ఏ మాటలు అనేవారో అడిగి ఫోన్లో రికార్డు చేయండి. రాజుల మాట రాగి మీద మిగిలింది. మన తాతల మాట ఇంకా నోటి మీదే ఉంది, వాళ్లుండగానే రాసుకుందాం.