ఆయుధం ఎవరి చేతిలో? గోదావరి సీమలో ఆయుధ చట్టాలు, సంఘ చరిత్ర

గ్రామకూటాలకు వెళ్లి రాత్రివేళ తిరిగివచ్చే దైవసేవకునిపై దాడి జరిగిందని విన్నప్పుడల్లా పాస్టర్ల సహవాసంలో ఒక ప్రశ్న లేస్తుంది. ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సు తీసుకోవచ్చునా? ఒకరు లూకా 22:36 తీస్తారు, మరొకరు మత్తయి 26:52 తీస్తారు. వాదన అక్కడే ఆగిపోతుంది. బహిరంగ స్థలంలో ఆయుధం ధరించే అనుమతి మన గోదావరి ప్రాంతంలో ఎవరికి ఉండేది, ఎవరికి లేకపోయింది అనే సంగతిని ఎవరూ ఎత్తరు.

లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878లో భారత ఆయుధ చట్టం వచ్చింది. దాని 13వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ ఆయుధం ధరించి తిరగరాదు. తుపాకీ, కత్తి, ఈటెలతో పాటు విల్లంబులను కూడా ఆయుధాలుగానే నిర్వచించారు. అయితే దాని క్రింద చేసిన నిబంధనలు ఐరోపా వారికి మినహాయింపు ఇచ్చాయి. మన సంఘ చరిత్ర చదివేవారు ఈ మినహాయింపును గుర్తుంచుకోవాలి. బౌడెన్, బీర్ దంపతులు పునాది వేసిన గోదావరి డెల్టా మిషన్‌లో గాని, దుమ్ముగూడెం కోయ మిషన్‌లో గాని ఇంగ్లీషు మిషనరీ, తెలుగు ఉపదేశి ఒకే దారిన ఒకే సంతకు సువార్తకు వెళ్లినా చట్టం దృష్టిలో వారు సమానులు కారు. దొర తుపాకీ పట్టాడా లేదా అన్నది వేరే సంగతి. పట్టకపోతే అది ఆయన నిర్ణయం. ఉపదేశి విషయంలో ఆ నిర్ణయం ప్రభుత్వమే చేసింది. ఉపదేశులు వట్టి చేతులతో వెళ్లారని ప్రసంగాలలో పొగిడేటప్పుడు ఈ తేడాను మనం దాటవేస్తుంటాం.

చట్టం వచ్చిన మరుసటి సంవత్సరమే, 1879 మార్చిలో, రంప పితూరీ పుట్టింది. దానికి కారణం ఆయుధ చట్టం కాదు. మన్సబుదారు వసూళ్లు, కల్లు గీతపై ఆంక్షలు, పోలీసుల దోపిడీ కొండవారిని విసిగించాయి. ద్వారబంధాల చంద్రయ్య మనుషులు అడ్డతీగల ఠాణాను తగులబెట్టారు. అలజడి రేకపల్లి వరకు పాకింది. రక్షణ ఇవ్వవలసిన ఠాణాయే పీడించే చోటైనప్పుడు ప్రజల కోపం మొదట దానిపైకే వెళ్లింది.

నలభై మూడేళ్ల తరువాత అల్లూరి సీతారామరాజు కూడా ఠాణాలకే వెళ్లాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు చోట్ల కలిపి 26 తుపాకులు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో భారతీయ కానిస్టేబుళ్లను ముందుకు పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలను మాత్రమే కాల్చారు. అంతకుముందు ఆయన మన్యంలో బోధించినది మద్యపానం మానమని, తగాదాలు పంచాయతీలలోనే తీర్చుకొమ్మని. ఆ బోధ నుండి తుపాకీ వరకు దారి ఎంత పొట్టిదో సేవకులు ఆలోచించవలసిన విషయం. మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. 1924 మే 7న రాజు మరణంతో ముఖ్య ఘట్టం ముగిసింది. తుపాకుల కోసం ఠాణాలపై పడినవారు కొందరే. ఆ తరువాత పటాలాల బరువు మోసినవి మన్యం గ్రామాలన్నీ.

ఆయుధ నిబంధనలలోని జాతి భేదాన్ని 1920లో తీసివేశారు. 1931లో కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కు కూడా ఉంది. రాజ్యాంగంలో దానికి చోటు దొరకలేదు. 19వ అధికరణం ఇచ్చినది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. మన కూటాలన్నీ ఈ హక్కు నీడలోనే జరుగుతున్నాయి. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ ధరించడానికి లైసెన్సు తప్పనిసరి.

పరిశుద్ధ గ్రంథంలో ఈ విషయమై ఒకే మాదిరి లేదు. ఎజ్రా రాజును సైన్యం అడగడానికి సిగ్గుపడ్డాడు (8:22). నెహెమ్యా పనివారు ఒక చేత ఆయుధం పట్టారు (4:17). పౌలు తనపై జరిగిన కుట్రను మేనల్లుని ద్వారా సహస్రాధిపతికి తెలియజేయగా, 470 మంది కాపలాతో కైసరయకు పంపబడ్డాడు (అపొ. కా. 23:23). నా అభిప్రాయంలో మన స్థితికి దగ్గరైనది పౌలు మార్గం. అతడు తాను కత్తి పట్టలేదు, పౌరునిగా తనకు రావలసిన రక్షణను వదులుకోనూ లేదు.

అయితే ఆ రక్షణ అందరికీ అందుతున్నదా? 1985 జూలైలో కారంచేడులో, 1991 ఆగస్టులో చుండూరులో దళితులను నరికి చంపారు. ఈ రెండూ గోదావరి జిల్లాల ఊళ్లు కావు గాని, ఆ గాయం మన సంఘాలదే. అత్యాచారాల నిరోధక చట్టం క్రింద 1995లో చేసిన నిబంధనలలో 3వ నిబంధనను మనలో చదివినవారు తక్కువ. దాడులు జరిగే ప్రమాదమున్నట్లు గుర్తించిన ప్రాంతంలో ఇతరుల తుపాకీ లైసెన్సులు రద్దు చేయవచ్చు. అవసరమైతే షెడ్యూల్డు కులాల, తెగల వారికి లైసెన్సులు ఇవ్వవచ్చు. చట్టమే బలహీనుని చేతికి ఆయుధం ఇవ్వడానికి సిద్ధపడిన అరుదైన సందర్భమిది. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. తెగల ఉత్తర్వులో అటువంటి మత నిబంధన లేదు. కనుక రంపచోడవరం కొండరెడ్డి విశ్వాసి ఈ నిబంధన లోపల ఉన్నాడు. కోనసీమలో అతని మాదిగ సహోదరుడు, బాప్తిస్మము పొందిన నాటి నుండి, దాని వెలుపల ఉన్నాడు.