బ్లైత్‌బర్గ్ దేవాలయము - కప్పులోని దేవదూతలు

మెదకు దేవాలయమును కన్నులార చూచినవారు మన సంఘములలో అనేకులు గలరు. కోసుగా లేచిన ఆర్చీలు, ఎత్తైన గోపురము, రంగుటద్దముల కిటికీలు గల ఆ కట్టడపు పద్ధతిని గోతిక్ శైలి అందురు. మెదకు గుడి 1924లో ప్రతిష్ఠింపబడినది గాని, ఆ శైలి పుట్టి పెరిగినది మధ్యయుగపు ఐరోపాలో. ఆ దినములలో గొప్ప నగరములలోనే గాక పల్లెటూళ్లలోను ఇట్టి ఆలయములు లేచినవి. వాటిలో ఒకటైన, ఇంగ్లండు తూర్పు తీరమున సఫోక్ ప్రాంతములోని బ్లైత్‌బర్గ్ గ్రామపు పరిశుద్ధ త్రిత్వ దేవాలయమును గూర్చి ఈ శతవార్షిక సంచికలో కొంత వ్రాయదలచితిమి.

బ్లైత్ నది ఒడ్డున నున్న ఈ గ్రామము ఒకప్పుడు ఓడలు వచ్చి పోవు రేవు. వ్యాపారము వలన ఊరు కలిగినదాయెను. 1412లో 4వ హెన్రీ రాజు అనుమతి నీయగా, 14వ శతాబ్దపు పాత గోపురమును మాత్రము ఉంచి, తక్కిన ఆలయమునంతయు ఆ 15వ శతాబ్దములో క్రొత్తగా కట్టిరి. గోడలు ఆ ప్రాంతమున దొరకు చెకుముకి రాళ్లతో కట్టినవి. పొడవు సుమారు 128 అడుగులు. పై వరుసలో ఇరుప్రక్కల దగ్గర దగ్గరగా నున్న కిటికీలనుండి వెలుగు ధారాళముగా లోనికి దిగును. ఈ మొదలు నుండి బలిపీఠము వరకు అడ్డు ఆర్చీ లేక కప్పు ఒకే దూలముల వరుసగా సాగును. ఆ దూలములపై రెక్కలు చాచిన కొయ్య దేవదూతలు గలరు. వారి రంగులు వెలిసినను నేటికిని కనబడుచున్నవి.

క్రింద బల్లల చివరలను చెక్కిన బొమ్మలు మరియొక ప్రసంగము. ధనాశగలవాడు పెట్టెమీద కూర్చుండును. సోమరి పడకమీదనే యుండును. చదువురాని రైతుకు సయితము అవి అర్థమగును.

తరువాత కష్టకాలము వచ్చెను. నది పూడిపోయెను, ఓడలు రాకపోయెను, ఊరు చిన్నదాయెను. గుడి మాత్రము పెద్దదిగానే మిగిలెను. 1577 ఆగస్టు 4న ఆరాధన జరుగుచుండగా పిడుగు పడి ఒక మనుష్యుడు, ఒక బాలుడు మరణించిరి. గోపుర శిఖరము కూలెను. ఉత్తరపు తలుపుమీది కాలిన గుర్తులు నల్లకుక్క రూపమున వచ్చిన సాతానువని జనులు చెప్పుకొనిరి.

1644 ఏప్రిలులో, చిత్రములను విగ్రహములను తొలగింప నియమితుడైన విలియం డౌసింగ్ ఇచ్చటికి వచ్చెను. కప్పులోని 20 కెరూబులను దించవలెనని ఆజ్ఞాపించినట్లు అతడే తన దినచర్యలో వ్రాసికొనెను. అయినను దూతలు అనేకులు నిలిచిరి. బహుశః ఆ ఎత్తే వారిని కాపాడినదేమో! దూతల దేహములలో తుపాకి గుండ్ల గాయములు కనబడగా, అది డౌసింగ్ మనుష్యుల పనియే యని తరతరములు నిందించిరి. కాని 20వ శతాబ్దములో కప్పును బాగుచేయువేళ కొయ్యలో దొరికిన గుండ్లు 18వ శతాబ్దపువని తేలెను. 1761 నాటి సంఘపు లెక్కలలో, గుడిలో చేరిన కాకిజాతి పక్షులను కాల్చుటకు మందుగుండు కొన్న ఖర్చు వ్రాయబడియున్నది. దెబ్బ శత్రువుది కాదు, ఇంటివారిదే!

అంతకంటె గొప్ప శత్రువు అశ్రద్ధ. 19వ శతాబ్దములో కప్పు కారుచుండగా జనులు గొడుగుల క్రింద ఆరాధించిరని చెప్పుదురు. 1881లో ప్రమాదకరమని గుడిని మూసివేసిరి. చందాలు కూర్చి మరమ్మతు చేయగా 1884లో మరల తెరువబడెను. పాత పనిని చెరపక నిలుపవలెనని విలియం మోరిస్ స్థాపించిన పురాతన కట్టడముల సంరక్షణ సంఘము ఆ దినములలో పట్టుబట్టెను. నేడును అక్కడ ఆరాధన జరుగుచున్నది.

ప్రియ సంఘస్థులారా, ఈ చరిత్రలో మనకు రెండు సంగతులు గలవు. గుడి కట్టిన తరమునకెంత ఘనతయో, పెంకు జారినప్పుడు నిచ్చెన వేసిన తరమునకును అంతే ఘనత. మరియు, ఒక పాత లెక్కల పుస్తకము ఉన్నందున ఒకనిమీది అన్యాయపు నింద తొలగెను. మన గుడులలో చెదలు పట్టుచున్న బాప్తిస్మపు రిజిస్టర్లను, కమిటీ మినిట్ల పుస్తకములను, చందా లెక్కలను ఈ శతవార్షికమందైనను బీరువాలలో భద్రపరచుదము. రాబోవు తరమువారు మనలను గూర్చి సత్యమును తెలిసికొనునది వాటివలననే.