చిల్లు పూడ్చే పని: ఎచ్చెర్ల తీరపు పడవలు

శ్రీకాకుళం దగ్గర నాగావళి సముద్రంలో కలిసే చోటుకు దక్షిణంగా ఎచ్చెర్ల మండలం తీరం మొదలవుతుంది. డి.మత్స్యలేశం, బడివానిపేట, బుడగట్లపాలెం ఈ తీరంలోని మత్స్యకార గ్రామాలు. ఇక్కడ సహజమైన రేవు లేదు. పడవ కెరటాలను దాటుకుని లోపలికి పోవాలి, తిరిగొచ్చి ఇసుక మీదికెక్కాలి. ఎక్కిన ప్రతిసారీ ఇసుక అడుగును ఒరుస్తుంది, కెరటం పక్కలను గుద్దుతుంది. అందుకే ఈ తీరంలో ఏ రకం పడవ నిలదొక్కుకుందన్నది ధర మీద, వేగం మీద ఎంత ఆధారపడిందో, దాని చిల్లును ఒడ్డునే పూడ్చగలిగే మనిషి ఉన్నాడా అన్నదాని మీదా అంతే ఆధారపడింది.

తెప్పకు చిల్లు భయం లేదు. తేలికపాటి దుంగలను చెక్కి జత చేసిన తెప్పలో నీరు సందుల్లోంచి వచ్చి సందుల్లోంచే పోతుంది. దాని జబ్బు వేరు: దుంగలు నీరు పీల్చి బరువెక్కుతాయి, పుచ్చుతాయి. కాబట్టి మరమ్మతంటే ఆరబెట్టడం, పుచ్చిన దుంగను మార్చడం. మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల మీద వెలువరించిన అధ్యయనంలో గంజాం, విశాఖపట్నం తెప్పలనూ వర్ణించాడు. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది కనుక ఆనాటి రాతల్లో ఈ తీరాన్ని ఆ రెండు జిల్లాల పేర్ల కిందే వెతకాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బంగాళాఖాతం కార్యక్రమం కూడా తన తొలి అధ్యయనాల్లోనే తెప్ప దుంగల ఆయుష్షు పెంచే మార్గాలను పరిశీలించింది.

కుట్టు పడవ సంగతి వేరు. ఆంగ్లేయుల రాతల్లో దీన్ని మసూలా పడవ అన్నారు. కళింగపట్నం వంటి చోట్ల ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకును ఒడ్డుకు చేర్చింది ఇటువంటి పడవలే. దీనిలో మేకులు ఉండవు, లోపల పక్కటెముకల్లాంటి చట్రమూ ఉండదు. పలకల అంచులకు రంధ్రాలు చేసి, అతుకు మీద గడ్డి పెట్టి, కొబ్బరితాడుతో బిగించి కుడతారు. కెరటం కొట్టినప్పుడు పడవ విరగకుండా వంగుతుంది, కొంత కారుతుంది కూడా. ఆ కారడం లోపం కాదు, నిర్మాణంలోనే ఒప్పుకున్న రాజీ. నీరు తోడిపోయడానికి ఒక మనిషి ఉంటే సరిపోయేది. తాడు చివికితే కుట్టు విప్పి మళ్లీ కుట్టేవారు. తాడు, గడ్డి, చెయ్యి తిరిగిన మనిషి, ఈ మూడూ ఊళ్లోనే దొరికేవి.

మేకులతో కట్టిన నావ వచ్చాక చిల్లు నిజమైన సమస్య అయింది. పలకల సందుల్లో నూలో పీచో కూరి, పైన నూనెలో కరిగించిన గుగ్గిలం పూసేవారు. గుగ్గిలం సాల వృక్షపు బంక, ఈ తీరానికి వెనకున్న కొండలు ఆ చెట్టుకు నెలవే. పైపూతకు చేపనూనె, జీడిపిక్కల పెంకు నూనె భారత తీరాల్లో పేరుపడ్డవి. ఇంతా చేసినా కొయ్యను తొలిచే సముద్రపు పురుగు ఆగదు. దానికి అడ్డుగా అడుగున రాగి రేకు తొడగడం పాత పద్ధతి. రాగి ఖరీదెక్కువ కాబట్టి 1957లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అల్యూమినియం మిశ్రలోహపు రేకులతో ప్రయోగాలు చేసింది.

అల్యూమినియం ఈ తీరంలో వంటింట్లోకి సత్తు గిన్నెగా తేలిగ్గా వచ్చింది కానీ పడవగా స్థిరపడలేదు. కారణాల్లో ఒకటి మరమ్మతే. ఇత్తడి బిందెకు మాటు వేసే పద్ధతి దీనికి పనికిరాదు. గాలి తగలగానే ఈ లోహం మీద ఒక పొర కమ్ముతుంది. లోహం సుమారు 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, ఆ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. పొరను గీకి తీసి, ఆర్గాన్ వాయువు కప్పులో వెల్డింగ్ చేయాలి. అమెరికా సరస్సుల్లో తిరిగే చిన్న అల్యూమినియం పడవల్లో, చేపలను ప్రాణంతో ఉంచే తొట్టెలు పగిలినప్పుడు చేసేది ఇదే. అక్కడ పగులు ఎక్కువగా మూలల్లో, వెల్డింగ్ అంచున, రివెట్ల చుట్టూ మొదలవుతుంది, ఎందుకంటే ఇంజన్ అదురు, నీటి బరువు అక్కడే కూడుకుంటాయి. పగులు రెండు చివర్లా చిన్న రంధ్రం వేస్తే అది ముందుకు పాకడం ఆగుతుంది. ఆ తర్వాతే అతుకు వేస్తారు. జిగురు పూతలు తాత్కాలికం. ఇత్తడి మర బిగిస్తే ఉప్పునీటిలో అల్యూమినియమే తినుకుపోతుంది. ఇసుక తిన్నె మీద కరెంటు, ఆర్గాన్ సిలిండరు సమకూర్చుకుని ఇంత పని చేయడం కష్టం.

ఫైబర్ పడవకు ఆ ఇబ్బంది లేదు. 1980ల తర్వాత మోటార్లతో పాటు ఫైబర్ పడవలు, ఫైబర్ తెప్పలు వ్యాపించాయి. 2004 సునామీ తర్వాత ఇంకా పెరిగాయి. పగిలిన చోటును గ్రైండరుతో ఏటవాలుగా అరగదీసి, మంచినీటితో ఉప్పు కడిగి, బాగా ఎండనిచ్చి, గాజు పీచు మ్యాట్ పొరలు పరిచి రెజిన్ పూస్తారు. రెజిన్ గట్టిపడటానికి కలిపే ద్రవం సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లే. ఎక్కువైతే వేడెక్కి పెళుసవుతుంది, తక్కువైతే గట్టిపడదు. తడి మిగిలితే పొర ఊడుతుంది, ఈ తప్పే పనిని ఎక్కువగా చెడగొడుతుంది. ఇంజన్ బిగించే వెనక చెక్క దగ్గర అదురుకు మళ్లీ మళ్లీ పగుళ్లు వస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం ఈ పనికి అనువైన కాలం, ఎండ కూడా కలిసొస్తుంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ వంటి తుపానులు మాత్రం ఉత్తరాంధ్రలో మరమ్మతును ఏ నెలలోనైనా అత్యవసరం చేశాయి.

అమెరికా పడవల్లోలాంటి, ప్రాణంతో ఉంచే తొట్టె ఆంధ్ర తీరానికి చేపల కోసం రాలేదు, తల్లి రొయ్యల కోసం వచ్చింది. 1980ల చివర విశాఖపట్నంలో ప్రభుత్వ రంగ రొయ్య పిల్లల కేంద్రం ఏర్పడింది, ప్రైవేటు హేచరీలూ పెరిగాయి. వాటికి సముద్రంలో పట్టిన టైగర్ తల్లి రొయ్య కావాలి, అదీ బతికి. ఒక్కోటి వేల రూపాయలు పలికిన కాలమది. పడవలో టబ్బులు పెట్టి, సముద్రపు నీరు మారుస్తూ, గాలి కొడుతూ ఒడ్డుకు తెచ్చేవారు. ఆక్సిజన్ సంచిలో పెట్టేముందు, సంచికి చిల్లు పడకుండా రొయ్య ముక్కు కొమ్ముకు చిన్న గొట్టం తొడిగేవారు. టబ్బు ప్లాస్టిక్‌దో ఫైబర్‌దో అయ్యేది. రాగి, ఇత్తడి నీటిలో కరిగితే రొయ్యకు విషం కాబట్టి లోహపు బిగింపులను దూరం పెట్టాల్సి వచ్చేది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక హేచరీలు దిగుమతి చేసుకున్న వ్యాధిరహిత తల్లి రొయ్యల వైపు మళ్లాయి. సముద్రపు తల్లి రొయ్యకు గిరాకీ తగ్గింది.

ఇప్పుడు పడవలో తొట్టె అంటే ఎక్కువగా ఐస్ పెట్టె. రెండు ఫైబర్ గోడల మధ్య ఫోమ్ నింపి చేస్తారు. లోపలి గోడ పగిలితే బయటికి ఏమీ కనబడదు, ఫోమ్ నీరు పీల్చుకుని చల్లదనం నిలపలేకపోతుంది, ఐస్ త్వరగా కరుగుతుంది. పైన మ్యాట్ అతికిస్తే నీరు లోపలే చిక్కుకుంటుంది. అందుకే పగులు చుట్టూ గోడను కోసి, తడిసిన ఫోమ్‌ను తీసేసి, కొత్తది నింపి, ఆ తర్వాతే పొరలు వేస్తారు. బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బర్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. పడవలు ఇసుకకెక్కకుండా నీటిలోనే నిలిచే రోజు వస్తే అడుగు ఒరుపు తగ్గుతుంది, ఇంజన్ అదురు మాత్రం అలాగే ఉంటుంది.