పటాలముల జీతములు - తెలుగు నేల పంపకము

మా విశ్వవిద్యాలయ ప్రాంగణము నుండి దక్షిణముగా గోల్నాక దాటి మూసీ యావలిగట్టునకు పోయినచో మూసారాంబాగు వచ్చును. ఉత్తరముగా తార్నాక మీదుగా పోయినచో సికిందరాబాదు. మొదటి పేరులో ఒక ఫ్రెంచి సేనాని దాగియున్నాడు. రెండవది ఆంగ్లేయ పటాలముల విడిదిని ఆశ్రయించి పెరిగిన పట్టణము. సికందర్ జా పేర 1806లో దానికా నామము కలిగెను. ఈ రెంటి నడుమ నుండి పాఠములు చెప్పుకొనుచున్న మాకు ఆంగ్ల, ఫ్రెంచి స్పర్ధ పరాయిదేశముల చరిత్రగా తోచదు.

మూసారాం అనగా ముసే రేమాండు. 'ముసే' ఫ్రెంచివారి గౌరవవాచకము. బొబ్బిలి కథలోని బుస్సీకిని ఈ మాటయే తగిలినది. రేమాండును హిందువులు మూసారాం అనియు, ముస్లిములు మూసారహీం అనియు తమ నోటి కనుకూలముగా దిద్దుకొనిరి. పరాయివాని పేరు నింత చనువుగా మార్చుకొనుట భాషాశాస్త్ర విద్యార్థులు గమనింపదగిన విషయము.

ఈ స్పర్ధలో ఫ్రెంచివారేల ఓడిరను ప్రశ్నకు డూప్లే, క్లైవుల ప్రజ్ఞాతారతమ్యమును, నౌకాబలమును సమాధానములుగా చెప్పుట పరిపాటి. అవి కారణములు కావని మేమనము. కాని తెలుగు నేలపై జరిగిన ఘట్టములను వరుసగా పరిశీలించినచో వాని మూలమున మరియొక సామాన్య విషయము కనబడును. అది సిపాయికి జీతమెవరియ్యవలెను, ఏ భూమి శిస్తు నుండి యియ్యవలెను అను ప్రశ్న.

1751లో సలాబత్ జంగును గద్దె నెక్కించిన బుస్సీ తన సేనతో దక్కనుననే నిలిచెను. నవాబు బొక్కసమున ధనము లేదు, పటాలమునకు జీతము లేదు. 1753లో బుస్సీ సేనావ్యయము నిమిత్తమై ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచివారికి వ్రాయించుకొనెను. కోస్తాతీరపు పాడిపంటలు ఆనాడు ఒక సైన్యపు బత్తెముగా మారినవి. 1756లో నవాబు బుస్సీని పొమ్మనగా అతడు హైదరాబాదులోని చార్ మహలున తలదాచుకొని, సహాయసేన వచ్చువరకు నిలిచి, తిరిగి పలుకుబడి సంపాదించెను. ఆ కలతలో సర్కారుల జమీందారులు పేష్కషు చెల్లింపరైరి. ఆ బాకీలు రాబట్టుటకై బుస్సీ ఉత్తరమునకు కదలెను.

బొబ్బిలి కోట 1757 జనవరి 24న కూలుటకు పూర్వరంగ మిదియే. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రమును, జనుల నోట నిలిచిన బొబ్బిలి కథయు వెలమల పౌరుషమును, విజయనగరపు పగను కీర్తించినవి. ఆ పగ నిజమే. కాని విజయరామరాజు బుస్సీకి పొరుగురాజు మాత్రమే కాదు. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము సర్కారులను అతనియొద్ద ఇజారా పుచ్చుకొన్నవాడు. శిస్తు తెచ్చి యిచ్చువాని మాట సేనానికి చెల్లక తప్పదు. ఇది కవులకు పట్టని విషయము. పట్టవలెనని మేమును కోరము.

మరుసటి యేడు లాలీ బుస్సీని వెనుకకు పిలిపించెను. ఆనందగజపతి ఆంగ్లేయుల నాహ్వానించెను. 1758 డిసెంబరులో చందుర్తి యొద్ద ఫోర్డు గెలిచెను. గెలిచియు అతడు ముందునకు సాగలేకపోయెను. రాజు ఇత్తునన్న ధనము రాలేదు. మచిలీబందరు ముందు విడిసినపుడు అతని తెల్లసోల్జర్లే జీతముల బాకీకై ఎదురుతిరిగిరి. కొల్లసొమ్ములో వాటా పెంచుదునని వారిని ఒప్పించి, 1759 ఏప్రిల్ 7 రాత్రి కోటపై లగ్గలు పట్టించెను. తెల్లవారునప్పటికి కోట వశమయ్యెను. ఫోర్డు దైర్యసాహసములను పొగడు గ్రంథములు ఈ తిరుగుబాటును ఒక వాక్యముతో దాటిపోవుట మాకు సమంజసముగా తోచదు.

అసలు నిదర్శనము హైదరాబాదుననే యున్నది. 1795లో ఖర్డాయొద్ద మహారాష్ట్రులు నిజామలీఖానును ఓడించినపుడు ఆంగ్లేయులు తోడురాలేదు. కినిసిన నిజాము వారి పటాలములను పంపివైచి రేమాండు సేనను పెంచెను. అది సుమారు 14 వేలకు పెరిగెను. రేమాండు 1798 మార్చి 25న మరణింపగా పీరోను సేనాధిపతి యయ్యెను. సెప్టెంబరు 1న ఆంగ్లేయులతో సంధి కుదిరెను. ఆరు పటాలములు, వాని ఖర్చునకు ఏటేట 24,17,100 రూపాయలు, ఫ్రెంచివారి ఉద్వాసన - ఇవి అందలి ముఖ్యాంశములు. నిజాము వెనుకముందాడెను. రెసిడెంటు కిర్క్ పాట్రిక్ ఒత్తిడి చేసెను. ఇంతలో పీరోను సిపాయిలే జీతములు ముట్టలేదని తమ దొరలను బంధించిరి. అక్టోబరు 22న ఆంగ్లసేన మూసీకి ఇరువైపుల నిలిచి చుట్టుముట్టగా, బాకీ చెల్లింతుమన్న మాటపై వేలకొలది సిపాయిలు ఆయుధములు క్రింద పెట్టిరి. ఒక్క తుపాకియైన పేలలేదు. దక్కనున ఫ్రెంచి ప్రాబల్యమును అంతమొందించినది ఫిరంగి కాదు, బాకీపడిన జీతము. అయినను రేమాండుపై జనులకు కోపము లేకుండెను. ఆస్మాన్ గఢ్ గుట్టపై నాతని సమాధియొద్ద చాలకాలము ఏటేట ఉరుసు జరిగెను.

జయించినవారికిని అదే సమస్య. సాలీనా సొమ్ము నిలిచిపోవచ్చునను శంకతో ఆంగ్లేయులు 1800 అక్టోబరు 12న కడప, బళ్లారి మున్నగు సీమలను నిజాము నుండి శాశ్వతముగా పుచ్చుకొనిరి. మైసూరు యుద్ధముల వలన 1792, 1799లలో నిజామునకు దక్కిన భూములవి. పదియేండ్లైన నిండకమునుపే ఒకరి జీతమునకు పోయినవి. దత్తమండలములను పేరు అక్కడివారికి నొప్పి కలిగించుటలో వింత లేదు. 1928లో నంద్యాల సభయందు రాయలసీమ యను పేరు వెలువడువరకు ఆ పేరే నడచెను. ఉత్తర సర్కారులకై కంపెనీ నిజామున కియ్యవలసిన పేష్కషు సైతము 1823లో ఏకమొత్తముగా చెల్లి తీరిపోయెను. ఫ్రెంచివారికి యానాము మిగిలినది. అది 1954లో భారతదేశమున చేరెను.

ఇట్లు తెలుగువారు మూడు ప్రభుత్వముల క్రింద పడిరి. సాహిత్యమున దీని ఫలితము చిన్నది కాదు. కడప కంపెనీది కాబట్టియే బ్రౌను 1820లో ఉద్యోగిగా నచ్చటికి వచ్చెను, పండితులను కూర్చి తాళపత్రముల ప్రతులు వ్రాయించెను. నిజాము సీమలో తెలుగునకు అట్టి ఆదరణ రాజ్యము నుండి లభింపలేదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావుగారి యింట వెలసెను. నేడది సుల్తాను బజారులో నున్నది. రెసిడెంటు అధికారము చెల్లిన కాలమున ఆ వీథులను రెసిడెన్సీ బజారు అనెడివారు.