హాబ్సన్-జాబ్సన్, మా పీర్లు

"సాయిబులైనా మీరు తెలుగు భలే మాట్లాడ్తారే!"

ఉరవకొండలో ఈ మెచ్చుకోలు వింటూనే మేం పెద్దవాళ్లమయ్యాం. అన్నవాళ్ల మనసులో చెడ్డ ఉండదు. కానీ విన్న ప్రతిసారీ, పుట్టిన ఊళ్లోనే మేం చుట్టపుచూపుగా వచ్చినట్టు అనిపిస్తుంది.

ఒకసారి పొలం కాగితాల పని మీద ఒక కచేరీకి వెళ్లాం. అక్కడి గుమాస్తా కూడా ఇదే మాటన్నాడు. అంటున్నప్పుడు ఆయన చేతిలో ఉన్నది అర్జీ. ముందున్నవి దస్తావేజులు. ఆరా తీస్తున్నది బాకీ గురించి. అర్జీ, బాకీ అరబ్బీ మాటలు. దస్తావేజు పారసీ. ఆయన గుమాస్తా కొలువు పేరు కూడా పారసీదే. మా తెలుగును మెచ్చుకున్న ఆ పెద్దమనిషి ఒక్క పూటలో మాట్లాడినంత అరబ్బీ, పారసీ మేం వారం రోజుల్లో కూడా మాట్లాడం.

ఈ కరువు సీమలో రైతును మించిన మాట ఏముంది? అదీ అరబ్బీయే. 'రఈయత్' అంటే కాపరి కనిపెట్టుకునే మంద, పాలకుడు కాపాడవలసిన ప్రజ. 1792, 1799 ఒప్పందాల్లో టిప్పు రాజ్యం నుంచి తనకు దక్కిన ఈ ప్రాంతాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అలా మనం దత్తమండలాల వాళ్లమయ్యాం. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, సాగుదారుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. అదే రైత్వారీ. మన రైతు ఆ దారినే ఇంగ్లీషు పుస్తకాల్లోకి 'రయట్'గా ఎక్కాడు.

కలెక్టరంటే వసూలు చేసేవాడు. తహసీల్దారన్నా వసూలు చేసేవాడే. 'తహసీల్' అరబ్బీ, 'దార్' పారసీ. దొర పాత కొలువుకు తన భాషలో పేరు పెట్టుకుని పైన కూర్చున్నాడు, కిందివాడిని పాత పేరుతోనే ఉంచాడు. 1985లో మండలాలు వచ్చాక తహసీల్దారు ఎమ్మార్వో అయ్యాడు. కొన్నేళ్లకు మళ్లీ తహసీల్దారే అయ్యాడు. మాట జనం నోట్లో నాటుకుంటే పెరకడం సర్కారు వల్ల కూడా కాదు.

ఇదంతా మా గొప్ప కోసం చెప్పడం లేదు. వసూలు, జప్తు, జుల్మానా ప్రేమతో వచ్చిన మాటలు కావు. అధికారం వెంట వచ్చినవి. అయితే ఆ అధికారం మా తాతలది కాదు. వాళ్లు దూది ఏకారు, మగ్గం నేశారు, జట్కా తోలారు, ఒకరి చేలో కూలికి పోయారు. కచేరీ పారసీ వాళ్లకూ అర్థం కాలేదు. మాలో దూదేకులవాళ్ల ఇంటి మాట తెలుగే. వాళ్ల పేరే తెలుగు పేరు. అయినా నవాబుల లెక్కకు జవాబు చెప్పాల్సింది మేమే.

1820లో ఉద్యోగానికి కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేశాడు. తెలుగులో కలిసిన పరభాషా పదాలకు 1854లో వేరే నిఘంటువు వేశాడు. దాని పేరులోనే మిశ్రమం ఉంది. నేర్చుకునే దొరలకు అది సౌకర్యమే. బ్రౌన్ తెలుగుకు చేసిన మేలును మేం తక్కువ చేయం. కానీ ఇంట్లో కలిసి తింటున్న మాటలు కాగితం మీద వేరు కాపురం పెట్టాయి.

1886లో హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కలిసి చేసిన పెద్ద నిఘంటువు లండన్‌లో వెలువడింది. బర్నెల్ మన మద్రాసు రాజధానిలోనే పనిచేసిన సివిల్ ఉద్యోగి, పుస్తకం రాకముందే 1882లో చనిపోయాడు. ఇండియాలోని ఇంగ్లీషువాళ్లు వాడే దేశీ మాటలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు అందులో ఉన్నాయి. దాని పేరు 'హాబ్సన్-జాబ్సన్'. చూస్తే ఇద్దరు దొరల ఇంటిపేర్లలా ఉంది. నిజానికది మొహర్రం ఊరేగింపులో గుండెలు బాదుకుంటూ వేసే కేక. యా హసన్! యా హుసేన్! దొరల సిపాయిల చెవికి అది అలా వినిపించింది. 680లో కర్బలాలో కూలిన హుసేన్ కోసం ఏడ్చిన ఏడుపు నిఘంటువు అట్ట మీద వినోదమైంది. పరాయి మాటను తమ నోటికి తగ్గట్టు మార్చుకోవడాన్ని భాషావేత్తలు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ కేక మా పల్లెల చెవిన కూడా పడింది. మావాళ్లూ తప్పుగానే పలికారు. కానీ నవ్వడానికి కాదు, బిడ్డలకు పెట్టుకోవడానికి. హుసేనప్ప, పక్కీరప్ప, మస్తానమ్మ, కుళ్లాయప్ప. ఈ పేర్లున్న హిందువులు మా జిల్లాలో ఏ ఊళ్లో లేరు? నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లు లేచే రోజున ఎవరు ఏ కులమో, ఏ మతమో అడిగేవాళ్లుండరు. కుళ్లాయి అంటే టోపీ, పారసీ 'కులాహ్'. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువులోనే కుల్లాయి ఉంది. అంటే ఆ టోపీ తెలుగు కవి నెత్తికెక్కి ఎన్నో వందల ఏళ్లయింది.

మా తప్పూ ఒకటుంది. లక్నో ఉర్దూ చదివిన మేం ఇంట్లో అమ్మ మాట్లాడే దక్కనీని చూసి సిగ్గుపడ్డాం. 'నక్కో' అంటే నవ్వారని 'నహీ' నేర్చుకున్నాం. పీర్లు మొక్కే హుసేనప్పను చూసి, ఇది దీన్ కాదని మావాళ్లే ముఖం తిప్పుకుంటే ఊరుకున్నాం. మమ్మల్ని కలుపుకున్న మాటలనూ మనుషులనూ మేమే పరాయి చేసుకుంటే, బయటివాళ్లను ఏ నోటితో అడుగుతాం?

ఆ గుమాస్తాకు మేం ఆ రోజు జవాబు చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడైతే ఒక్కటి అడుగుతాం. అయ్యా, ఈ పొలం మీద మా హక్కు రాసి ఇవ్వమని వచ్చాం కదా, ఆ హక్కు ఏ భాష? అరబ్బీ. అక్కడ దానికి నిజం అని కూడా అర్థం. దాన్ని తీసేసి తెలుగులో మీరు మాకేం రాసిస్తారు?