చిన్న కేసే కదా

డాలస్ దగ్గర ఒక ఊళ్ళో మునిసిపల్ కోర్టు. నీళ్ళ బిల్లు కట్టే కౌంటరున్న భవనంలోనే ఒక హాలు. కొన్నేళ్ళ కింద ఒక ఉదయం అక్కడ నా రూమ్మేట్ పక్కన కూర్చున్నాను. వాడప్పుడు ఎమ్మెస్ రెండో సెమిస్టర్. ఒక పెద్ద స్టోర్లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చెయ్యకుండా బయటికి నడిచాడు. మర్చిపోయాడో, మర్చిపోయాననుకుని సర్దుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు. 38 డాలర్ల సామాను. పోలీసు వచ్చి కాగితం రాసిచ్చి, ఫలానా తారీకున కోర్టుకి రమ్మన్నాడు.

హాల్లో అరవై డెబ్భై మందిమి ఉన్నాం. జడ్జి అందరికీ కలిపి ఒకేసారి హక్కులు చదివారు. లాయర్ని మీ ఖర్చుతో పెట్టుకోవచ్చు, కోర్టు మాత్రం ఇవ్వదు. టెక్సస్‌లో 100 డాలర్లలోపు దొంగతనం క్లాస్ సి మిస్‌డిమీనర్. జరిమానా 500 డాలర్లు దాటదు, జైలు లేదు. జైలు లేదు కాబట్టి సర్కారీ లాయరూ లేడు. "అన్నా, కట్టేస్తే అయిపోద్ది కదా?" అని వాడు చెవిలో అడిగాడు. "అయిపోద్దిరా, చిన్న కేసే కదా" అన్నాను. వాడు తప్పు ఒప్పుకున్నాడు, కార్డు గీకాడు. దార్లో ఆగి బిర్యానీ తిన్నాం.

నా మాటకి మూలం మన ఊళ్ళోనే ఉంది. మన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 206వ సెక్షన్ ప్రకారం, జరిమానాతో పోయే పెట్టీ కేసులో మేజిస్ట్రేట్ సమను పంపితే, నేరం ఒప్పుకుంటూ డబ్బు పోస్టులో పంపేయొచ్చు. కోర్టు గడప తొక్కక్కర్లేదు. డబ్బు కడితే కేసు చచ్చిపోతుందనే నమ్మకాన్ని మేం సూట్‌కేసులో పచ్చళ్ళతో పాటు తెచ్చుకున్నాం.

జైలుకీ లాయరుకీ ఈ ముడి ఎవరు వేశారన్నది చాలా తర్వాత చదివాను. కథ సాధారణంగా క్లారెన్స్ గిడియన్ దగ్గర మొదలుపెడతారు. 1961లో ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఒక పూల్ హాలు తలుపు పగలగొట్టాడని కేసు. లాయర్ని ఇమ్మని జడ్జిని అడిగాడు. మరణశిక్ష పడే కేసులకే ఇస్తామన్నారు. తనే వాదించుకున్నాడు, అయిదేళ్ళు పడింది. జైలు కాగితం మీద పెన్సిల్‌తో సుప్రీం కోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది, మళ్ళీ విచారణ జరిగింది, ఈసారి లాయరున్నాడు, జ్యూరీ నిర్దోషి అంది. దీని మీద పుస్తకం వచ్చింది, హెన్రీ ఫోండాతో సినిమా వచ్చింది. ఎవరూ పెద్దగా చెప్పని ముక్క ఒకటుంది. గిడియన్ మీద రాసిన అభియోగం "మిస్‌డిమీనర్ చేసే ఉద్దేశంతో" తలుపు పగలగొట్టాడని. ఫ్లోరిడా చట్టంలో అలా పగలగొట్టడం పెద్ద నేరం, లోపలికెళ్ళి చెయ్యబోయిన పని చిన్న నేరం. గెలిచిన హక్కు పెద్ద నేరానికే దక్కింది.

చిన్న నేరం సంగతి తేలడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ మనిషి పేరు జాన్ రిచర్డ్ ఆర్గర్‌సింగర్. అతని మీద సినిమా లేదు. అదే ఫ్లోరిడాలో ఆయుధం దాచిపెట్టుకుని తిరుగుతున్నాడని కేసు. గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా. డబ్బు లేదు, లాయర్ లేడు, 90 రోజుల జైలు వేశారు. ఆరు నెలలు దాటి శిక్ష పడగల కేసుల్లోనే లాయరు హక్కు అని రాష్ట్ర సుప్రీం కోర్టు అంది. 1972 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు అది కొట్టేసింది. లాయర్ లేకుండా విచారించిన మనిషిని ఒక్క రోజు కూడా జైల్లో పెట్టడానికి వీల్లేదంది. గిడియన్ ఆ జనవరిలోనే చనిపోయాడు, ఈ తీర్పు చూడలేదు.

తీర్పు రాసిన జస్టిస్ డగ్లస్ చిన్న కోర్టులు ఎలా నడుస్తాయో బాగా ఎరిగినట్టు రాశారు. ఏటా లక్షల కేసులు, ఒక్కోదానికి దక్కేది నిమిషాలు. లాయరున్న వాళ్ళ కేసులు పూర్తిగా కొట్టేసే అవకాశం లేనివాళ్ళకన్నా అయిదు రెట్లు ఎక్కువని ఒక అధ్యయనాన్ని ఉదహరించారు. మా అరవై డెబ్భై మందిమీ అందులో ఉన్నట్టే అనిపించింది చదువుతుంటే.

నాకు ఎక్కువ గుచ్చుకున్నది మాత్రం జస్టిస్ పావెల్ విడిగా రాసుకున్న అభిప్రాయం. ఆయన ఫలితంతో ఏకీభవిస్తూనే, జైలు దగ్గర గీత గియ్యడం సరికాదన్నారు. కొద్ది రోజుల జైలుకన్నా డ్రైవింగ్ లైసెన్స్ పోవడమో, మీద పడ్డ ముద్రో మనిషిని ఎక్కువ దెబ్బ తీయొచ్చని రాశారు. ఆయన చెప్పిన దారి, ఒక్కో కేసూ చూసి జడ్జి నిర్ణయించడం, నాకంత నచ్చదు. డెబ్భై మంది ఉన్న హాల్లో జడ్జి ఏం చూసి నిర్ణయిస్తారు? కానీ జబ్బు మాత్రం సరిగ్గా పట్టుకున్నారు.

ఆ గీత 1979లో ఇంకా గట్టిపడింది. షికాగో ఉన్న కుక్ కౌంటీలో ఆబ్రీ స్కాట్ అనే మనిషి 150 డాలర్లలోపు సరుకు దొంగిలించాడని కేసు. చట్టం ప్రకారం ఏడాది జైలు వెయ్యొచ్చు, వేసింది 50 డాలర్ల జరిమానా. లాయర్ని ఇవ్వలేదని సుప్రీం కోర్టుకెళ్ళాడు. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. జైలు వెయ్యొచ్చా అన్నది లెక్క కాదు, నిజంగా వేశారా అన్నదే లెక్క అని తేల్చారు. 50 డాలర్లతో పోయింది కాబట్టి హక్కు లేదు. మా వాడి కేసుకిదే తాత.

శిక్ష 50 డాలర్లతో ఆగిపోయేదైతే నేనిది రాసేవాణ్ణి కాదు. 1996లో వలస చట్టం "శిక్ష పడటం" అన్నమాటని సాగదీసింది. జడ్జి దోషి అని ప్రకటించకపోయినా సరే, తప్పు ఒప్పుకుని ఏదో ఒక దండన పడితే చాలు. దొంగతనం ఆ చట్టంలో నైతిక పతనం కిందికొచ్చే నేరం. 2010లో పడీయా కేసులో, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందని లాయరు తన క్లయింటుకి చెప్పి తీరాలని సుప్రీం కోర్టు అంది. మంచి తీర్పే. కానీ ఆ బాధ్యత లాయరు మీద పెట్టారు. లాయరే లేనివాడికి చెప్పింది నేను. బిర్యానీకి ముందు.

రెండేళ్ళ తర్వాత హెచ్‌-1బి స్టాంపింగ్‌కి వాడు ఇండియా వెళ్ళాడు. ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అనే ప్రశ్న ఉంటుంది. నిజమే రాశాడు. కోర్టు కాగితాలు తెమ్మన్నారు. అక్కణ్ణించి నేను కోర్టుకి వెళ్ళి సర్టిఫైడ్ కాపీ తీయించి పంపాను, కౌంటర్‌లో అమ్మాయి దానికి తీసుకున్నది కొద్ది డాలర్లే. ఏడాదికి మించి జైలు పడే వీల్లేని ఒక్క నేరమైతే చట్టంలోనే మినహాయింపుంది, చివరికి అదే వాణ్ణి కాపాడింది. కానీ అది తేలడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ప్రాజెక్ట్ పోయింది. ఆ నాలుగు నెలలూ ఇక్కడి అద్దె నేనే కట్టాను. వాడు తిరిగొచ్చాక లెక్క చూసి ఇచ్చేశాడు. కోర్టు రోజు గురించి ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

ఇప్పుడు సీనియర్ అన్న హోదాలో నాకు రాత్రుళ్ళు మెసేజీలొస్తాయి. "అన్నా, సైటేషన్ ఇచ్చారు, ఆన్‌లైన్లో కట్టేయనా?" కట్టకు అంటాను. ముందు నాట్ గిల్టీ అను, ఇంకో తారీకు ఇస్తారు, ఆ టైములో వెతుక్కుందాం. యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ అని ఉందేమో చూడు, చాలాచోట్ల మీ ఫీజుల్లోంచే నడుస్తుంది. క్రిమినల్ లాయర్ దొరికితే వలస చట్టం తెలుసా అని మొదట అడుగు. తప్పు ఒప్పుకోకుండా కేసు కొట్టేయించే దారి ఉందా అని అడుగు. స్టోర్ వీడియో తెప్పించమను.

పోయిన నెల ఒకబ్బాయి అంతా విని, "లాయర్‌కి ఫైన్‌కన్నా ఎక్కువవుతుంది కదన్నా" అన్నాడు. ఎంత అడిగారని అడిగాను. చెప్పాడు. నిజంగానే ఎక్కువ, మూడు రెట్లు. "సగం నేను వేస్తాలే" అన్నాను. అటు నుంచి కాసేపు ఏమీ రాలేదు, తర్వాత కోర్టు తారీకు పంపాడు.